వెలగని లైటు కింద కూర్చునేదెవరు?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి పూర్తి పేరు, డిగ్రీలు ఆహ్వానపత్రంలో ఉన్నాయి. గ్రౌండ్‌లో మాత్రం ఆయన డ్రిల్లు మాస్టారే, నేనూ అలాగే పిలుస్తాను. ఈ ఉపన్యాసనిధి పెట్టినవాళ్లు నాకొక షరతు పెట్టారు. మాస్టారిని పొగిడి సరిపెట్టొద్దు, పిల్లలకూ కోచ్‌లకూ పనికొచ్చేది చెప్పమన్నారు. నేను నరాల వైద్యుణ్ణి. ఆడింది తక్కువ, ఆడి దెబ్బ తగిలించుకున్నవాళ్లను చూసింది ఎక్కువ. అందుకని ఆటలో తలకు తగిలే దెబ్బ గురించి, దాన్ని లైటుతో నయం చేస్తామంటున్న పరికరాల గురించి, ఆ పరికరాలను పరీక్షించే పద్ధతి గురించి మాట్లాడదామని వచ్చాను. నా పట్టుదలంతా ఆ మూడోదాని మీదే.

కంకషన్, అంటే దెబ్బకు మెదడు కుదుపు తినడం, అన్న మాట క్రికెట్ చూసే ఇళ్లలో ఇప్పుడు కొత్త కాదు. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు మరొకర్ని దించే వీలు 2019 ఆగస్టు నుంచి ఐసీసీ కల్పించింది. 2020 డిసెంబరు 4న ఆస్ట్రేలియాతో కాన్‌బెర్రా టీ20లో చివరి ఓవర్లో స్టార్క్ వేసిన బంతి జడేజా హెల్మెట్‌కు తగిలింది. అతను మిగిలిన బంతులు కూడా ఆడి నాటౌట్‌గా వెనక్కి వెళ్లాడు. డ్రెస్సింగ్ రూములో కూర్చున్నాక తల తిరిగింది. అతని బదులు వచ్చిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. భలే ప్లాన్ వేశారని మనవాళ్లు మురిశారు, అన్యాయమని అవతలివాళ్లు గొణిగారు. రెండు పక్షాలకూ పట్టనిది ఒకటుంది. దెబ్బ తగిలినప్పుడు బాగానే ఉన్న మనిషికి కాసేపయ్యాక తేడా చేసింది. కంకషన్ తీరే అంత.

సరిగ్గా వారానికి సిడ్నీలో ప్రాక్టీసు మ్యాచ్. బుమ్రా నేరుగా కొట్టిన బంతి బౌలర్ కామెరాన్ గ్రీన్ చేతుల సందులోంచి వెళ్లి తలకు తగిలింది. నాన్‌స్ట్రైకర్‌గా ఉన్న మన హైదరాబాదీ సిరాజ్ బ్యాటు అక్కడే పారేసి గ్రీన్ దగ్గరికి ఉరికాడు. అందరూ అతని మంచితనాన్ని మెచ్చుకున్నారు. ప్రథమ చికిత్స పుస్తకంలో మొదటి పేజీ కూడా అదే: ఆట సంగతి తర్వాత, ముందు మనిషిని చూడు.

పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా కుదుపు తింటే నరాల తీగలు సాగుతాయి. కణాల్లోంచి పొటాషియం బయటికి వస్తుంది, కాల్షియం లోపలికి పోతుంది. ఆ లెక్క సరిదిద్దుకోవడానికి కణానికి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. ఖర్మ ఏమిటంటే, అప్పుడే మెదడుకు రక్తప్రసారం తగ్గుతుంది. ఇదంతా రసాయనాల స్థాయిలో జరిగే గొడవ కాబట్టి సీటీ స్కాన్‌లో కనిపించదు. పంజాగుట్టలో స్కాన్ తీయించుకొచ్చి, "నార్మల్ అన్నరు సార్, రేపటి నుంచి ఆడనియ్యొచ్చా?" అని అడిగే తండ్రికి నేను చెప్పేది ఇదే. లోపల రక్తం కారలేదని స్కాన్ చెప్పింది. కంకషన్ లేదని చెప్పలేదు.

మరి పట్టుకునేదెలా? గ్రౌండ్ అంచున నిలబెట్టి ఐదు ప్రశ్నలు వేస్తారు. మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఏ హాఫ్ నడుస్తోంది? చివరి గోల్ ఎవరు కొట్టారు? పోయిన వారం ఎవరితో ఆడాం? గెలిచామా, ఓడామా? నీ పేరేంటి, ఊరేంటి అని అడిగితే దెబ్బ తిన్నవాడు కూడా ఠక్కున చెప్పేస్తాడు. చెదిరేది తాజా జ్ఞాపకం. ఆ తర్వాత నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పిస్తారు, గీత మీద మడమకు వేలు ఆనిస్తూ నడిపిస్తారు. స్కాట్-6 అనే పత్రంలో 22 లక్షణాలుంటాయి. తలనొప్పి, వికారం, వెలుతురు పడకపోవడం, బుర్ర మందగించినట్టుండటం, ఊరికే చిరాకు వంటివి. ఒక్కొక్కదానికి ఆటగాడు తనకు తానే సున్నా నుంచి ఆరు దాకా అంకె వేసుకోవాలి. అన్నీ కలిపితే 132.

తనకు తానే అన్నాను కదా, చిక్కంతా అక్కడుంది. జిల్లా జట్టు సెలక్షన్ ముందురోజు ఏ కబడ్డీ పిల్లాడు నాలుగో ఐదో వేసుకుంటాడు? చీలమండ దొరకబుచ్చుకోబోయి అవతలివాడి మోకాలు కణతకు తగిలి కళ్లు బైర్లు కమ్మినా, లేచి దుమ్ము దులుపుకుని "ఏం కాలే సార్, ఆడ్త" అంటాడు. మనం చప్పట్లు కొడతాం.

చప్పట్ల సంగతి వచ్చింది కాబట్టి రహీం సాబ్ కథ చెప్పుకోవాలి. బడిపంతులుగా మొదలై హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, ఆపైన భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరం మనిషి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి ఫార్వర్డ్ స్థానానికి మార్చి సెమీఫైనల్లో, ఫైనల్లో ఆడించాడు. దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచిన ఆ ఫైనల్లో రెండో గోల్ జర్నైల్‌దే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మళ్లీ మనకు బంగారం రాలేదు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటేడు జూన్‌లో పోయాడు.

ఈ కథ విని పొంగిపోని హైదరాబాదీ ఉండడు, నేనూ పొంగుతాను. కుట్లు పడ్డది చర్మానికేనా, లోపల మెదడు కూడా కుదుపు తిందా అని అరవయ్యేళ్ల తర్వాత తేల్చే దారి లేదు. అప్పటికి కంకషన్ నియమాలే లేవు, వాటి మీద తొలి అంతర్జాతీయ సమావేశం వియన్నాలో జరిగింది 2001లో. కాబట్టి రహీంను తప్పు పట్టను. ఇవాళ ఆ కథను పిల్లలకు ఆదర్శంగా చెప్పే కోచ్‌ను మాత్రం తప్పు పడతాను.

ఇక లైటు. మన ఫిజియోథెరపీ క్లినిక్‌లలో మోకాలికి కరెంటు పెట్టించుకోవడం, నడుముకు లైటు పెట్టించుకోవడం ఎప్పట్నుంచో ఉన్నవే. ఇప్పుడు తలకు పెట్టే లైటు వచ్చింది. టోపీ లాగానో హెల్మెట్ లాగానో ఉంటుంది, కొన్నిటికి ముక్కులో పెట్టుకునే క్లిప్పు కూడా. కోత లేదు, సూది లేదు, మందు లేదు. దీని మూలం 1967లో బుడాపెస్ట్‌లో ఉంది. ఎండ్రే మెస్టర్ అనే సర్జన్ లేజర్‌తో ఎలుకలకు హాని జరుగుతుందేమో చూద్దామని వాటి వీపు గొరిగి రూబీ లేజర్ కాంతి పెట్టాడు. హాని జరగకపోగా, కాంతి పడ్డచోట వెంట్రుకలు తొందరగా మొలిచాయి.

ఎరుపుకు దగ్గరగా ఉండే పరారుణ కాంతి, సాధారణంగా 810 నానోమీటర్ల దగ్గరిది, కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పీల్చుకుంటుందని, దాంతో కణం శక్తి పుంజుకుంటుందని సిద్ధాంతం. దెబ్బ తిన్న మెదడు కణానికి కరువైంది శక్తే కాబట్టి తర్కం అతికినట్టు సరిపోతుంది. అతికినట్టు సరిపోయే తర్కాన్ని చూస్తే నాకు కొంచెం భయం. వెంట్రుకలు, చర్మం, పుర్రె దాటి మెదడు పైపొరకు చేరే కాంతి అతి స్వల్పం. అది చాలుతుందా అన్నది ప్రయోగమే చెప్పాలి.

ప్రయోగాలు జరిగాయి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్లు మధ్యస్థాయి తలదెబ్బ తగిలినవాళ్లకు మొదటి మూడు రోజుల్లోనే హెల్మెట్‌తో ఈ కాంతి పెట్టి 2020లో ఫలితాలు ప్రకటించారు. హాని కనబడలేదు, ఎంఆర్‌ఐలో కొన్ని తేడాలు కనిపించాయి. రోగి కోలుకోవడంలో తేల్చి చెప్పదగ్గ తేడా కనబడలేదు. యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 26 మంది కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద ఒక సీజన్ పొడవునా పరీక్ష చేశారు. కొందరికి నిజమైన లైటు, కొందరికి వెలగని లైటు. వెలగనిది పెట్టుకున్నవాళ్ల మెదడులో వాపు సూచనలు సీజన్ చివరికి పెరిగాయి, నిజమైనది పెట్టుకున్నవాళ్లలో పెరగలేదు. ఆశ పుట్టించే ఫలితమే. కాని 26 మంది అంటే మన దగ్గర రెండు కబడ్డీ జట్లకు సరిపడా జనం.

అరిజోనాలో విలియం కిల్‌గోర్ బృందం వేరే దారి పట్టింది. కంకషన్ అయినవాళ్లను పొద్దున్నే అరగంట చొప్పున ఆరు వారాలు నీలి కాంతి ముందు కూర్చోబెట్టారు. ఇది పుర్రెలోంచి పోదు, కంటి ద్వారా నిద్ర గడియారాన్ని సరిచేస్తుంది. కంకషన్ తర్వాత నిద్ర చెడుతుంది కాబట్టి ఆ ఆలోచన నాకు నచ్చింది. అంతకంటే నచ్చింది వాళ్లు పోలికకు పెట్టిన లైటు. అదే డబ్బా, అదే వెలుగు, రంగు మాత్రం తేనె రంగు. ఏది మందో ఏది ఉత్తదో కూర్చున్నవాడికి తెలియదు.

ఈ ఉత్త లైటు ఎందుకు? బాగుపడుతున్నారా లేదా చూస్తే చాలదా? చాలదు. కంకషన్ చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. పెద్దల్లో ఎక్కువమందికి రెండు వారాల్లో, పిల్లల్లో ఎక్కువమందికి నెలలోపు. కాబట్టి కంకషన్ అయినవాళ్లకు లైటు పెట్టినా, తాయెత్తు కట్టినా, బాదం పాలు తాగించినా అత్యధికులు బాగుపడతారు. పైగా తొందరగా గ్రౌండ్‌కు వెళ్లాలని తహతహలాడే కుర్రాడు 'తలనొప్పి సున్నా' అని రాస్తాడు. ఆ సున్నా పరికరం ఖాతాలో పడుతుంది.

మెదడుకు లైటు పెట్టినవాళ్లకు ఈ పాఠం ఒకసారి గట్టిగానే తగిలింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపు తలకు లేజర్ పెట్టే పరీక్ష, పేరు నెస్ట్. 2007లో 120 మందితో మొదటిది బ్రహ్మాండమన్నారు. రెండోది 660 మందితో చేస్తే లాభం తేలలేదు. మూడోదాన్ని మధ్యలో లెక్క చూసి, కొనసాగించి ప్రయోజనం లేదని ఆపేశారు. మొదటి పరీక్ష చేసినవాళ్లెవరూ మోసగాళ్లు కారు. చిన్న పరీక్ష మాత్రం మనల్ని మోసం చేయగలదు.

పెద్ద పరీక్ష కూడా చేయగలదు, దానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. మత్తుకు ఇచ్చే క్లోరోఫామ్ మనిషిని చంపితే ఊపిరి ఆగి చంపుతుందా, గుండె ఆగి చంపుతుందా అని పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద వివాదం. ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. 1888లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ వేయించి జంతువుల మీద పరీక్షలు చేసి తనదే సరైందని తేల్చాడు. లండన్ లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరో నిజాం ప్రభుత్వం డబ్బిచ్చి లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్‌ను 1889లో ఇక్కడికి రప్పించింది. మన ఊరి డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా పాల్గొన్న రెండో కమిషన్ అది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, వందల్లో. వచ్చేటప్పుడు సందేహంతో వచ్చిన బ్రంటన్ కూడా లారీ పక్షం అయిపోయాడు. అయినా ఆ తీర్పు నిలవలేదు. తేలికపాటి మత్తులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. హైదరాబాద్ పరీక్షల్లో మోతాదు పెంచుకుంటూ పోయి ఊపిరి ఆగేదాకా చూశారు. గుండె ఆగే ఘడియ వాళ్లు చూస్తున్న వైపు లేదు. ప్రశ్న ఒకవైపే చూసేలా వేసుకుంటే వందల జంతువులు బలైనా జవాబు దొరకదు.

మరి ఇలాంటి లైటు పరీక్ష మన దగ్గర పెట్టాల్సి వస్తే? పెట్టాలనే నా అభిప్రాయం. అమెరికా తలల మీద తేలిన మోతాదు ఇక్కడి తలలకు సరిపోతుందని ఊహించుకోలేం. చర్మంలోని మెలనిన్ కాంతిని పీల్చుకుంటుంది, ఒత్తయిన నల్లజుట్టు అడ్డుపడుతుంది. కోవిడ్‌లో ఇంటింటా కొన్న పల్స్ ఆక్సీమీటర్ గుర్తుందా? అదీ వేలిగుండా కాంతి పంపి కొలిచేదే. నల్లచర్మం వాళ్లలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని అమెరికాలో 2020 డిసెంబరులో లెక్కలతో బయటపడింది. అప్పటికి ఆ యంత్రం ఆసుపత్రుల్లోకి వచ్చి దశాబ్దాలు.

ఇక్కడ పరీక్ష పెట్టేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. 810 నానోమీటర్ల కాంతి కంటికి దాదాపు కనబడదు కాబట్టి ఉత్త పరికరాన్ని తయారుచేయడం తేలికనుకుంటారు. టీవీ రిమోట్‌ను ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కి చూడండి. చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క మెరుస్తుంది. ఈ మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే కుర్రాడి తల మీద ఆ హెల్మెట్ పెడితే, తనది అసలుదో ఉత్తదో రెండు నిమిషాల్లో కనిపెట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాడు. పరీక్ష అక్కడితో సరి. కాబట్టి లైటు పెట్టే గదిలోకి ఫోన్లు తేకూడదు, కొలిచేవాళ్లకు కూడా ఎవరిది ఏదో తెలియకూడదు. ఆటగాడు చెప్పే మార్కులొక్కటే నమ్ముకోకుండా నడక, శరీర సమతూకం, స్పందించే వేగం యంత్రంతో కొలవాలి. ప్రశ్నలు పిల్లాడి భాషలో అడగాలి. ఇంగ్లిష్‌లో పది మాటలు గుర్తుపెట్టుకోమంటే తప్పేది మెదడో ఇంగ్లిషో తెలియదు.

వెలగని లైటు కింద కూర్చోవడానికి మనవాళ్లు ఒప్పుకుంటారా అని నన్నడిగినవాళ్లున్నారు. 2020 జులైలో పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్లి కోవాగ్జిన్ మొదటిదశ పరీక్షకు చేయి చాపినవాళ్లు ఏం చేశారు? దేశం మొత్తం మీద 11 ఆసుపత్రుల్లో 375 మందిలో 75 మందికి టీకా లేని సూదే వేశారు. తనకు పడింది ఏదో తెలియకుండా, లోకమంతా హడలిపోతున్న రోజుల్లో వాళ్లు కూర్చున్నారు. సరిగ్గా చెప్పి అడిగితే ఒప్పుకుంటారు.

సరిగ్గా చెప్పి అడగకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును 2010 ఏప్రిల్లో నిలిపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. అయితే చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఆ ప్రాజెక్టును ఘాటుగా తప్పుపట్టింది. మన క్రీడా పాఠశాలల పిల్లలు కూడా హాస్టళ్లలోనే ఉంటారు. వాళ్ల మీద లైటు పరీక్ష పెడితే తల్లో తండ్రో స్వయంగా విని సంతకం పెట్టాలి, పన్నెండేళ్లు దాటిన పిల్లాడు తన సమ్మతి రాసివ్వాలి. కోచ్ ఆ గదిలో ఉండకూడదు. జట్టులో చోటు ఇచ్చేవాడు ఎదురుగా ఉంటే పిల్లాడు వద్దని ఎలా అంటాడు?

పీడీ సార్లకు, తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. తలకు దెబ్బ తగిలి ఏ కొంచెం తేడా కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. వాంతులు ఆగకపోయినా, మగత కమ్మినా, ఫిట్స్ వచ్చినా, తలనొప్పి పెరుగుతూ పోయినా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోతే ఒకటి రెండు రోజులు తేలికగా ఉంచండి, మంచానికి కట్టేయొద్దు, ఫోన్ మాత్రం తగ్గించండి. తర్వాత నడక, పరుగు, ఒంటరి ప్రాక్టీసు అలా ఆరు మెట్లు, మెట్టుకు కనీసం ఒక రోజు. ముందు బడికి, ఆ తర్వాతే పోటీకి. ఇప్పటికి రుజువైన వైద్యం ఇదే, దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

లైటు హెల్మెట్ అమ్మేవాళ్లు మీ స్కూలుకో అకాడెమీకో వస్తే రెండు ప్రశ్నలు అడగండి. మనుషుల మీద చేసే పరీక్షలను 2009 నుంచి మన దేశంలో ముందుగానే సీటీఆర్‌ఐ అనే జాతీయ పట్టికలో నమోదు చేయాలి, ఆ నెంబరు ఎంత? వెలగని లైటుతో పోల్చి చూశారా, చూస్తే ఎంతమంది మీద? రెండింటికీ జవాబు రాకపోతే ఆ డబ్బుతో మీ కబడ్డీ పిల్లలకు మంచి మ్యాట్ కొనండి.